సమాధానపడని పిల్ల

మా చర్చి గేటు పక్కన కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో జీవరత్నం మాస్టారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆయన పోయి ఏడాది దాటింది. ఎండకు, సముద్రపు గాలికి ఆయన కోటు నీలం నుంచి బూడిదరంగుకు దిగిపోయింది గాని పళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. కింద పెద్దక్షరాల్లో 'పిల్లల మిత్రుడు' అని ఉంటుంది. ఫ్లెక్సీ కొట్టే కుర్రాడిని అనడానికి లేదు, వాడు రాసిచ్చింది కొడతాడు. రాసిచ్చినవాళ్ళను, అంటే మా సంఘపెద్దలను, అనాలి. వాళ్ళను అనడానికే ఇది రాస్తున్నాను కాబట్టి శాంతంగా, క్రైస్తవ ప్రేమతో రాస్తానని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

మొన్న ఆ చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు గారు నాకు ఫోన్ చేశారు. విజయనగరం మనిషి, నాకంటే కొంచెం పెద్ద ఉంటారేమో. పైనుంచి ఉత్తర్వు వచ్చిందట: ప్రతి సంఘంలోనూ పిల్లల్ని, తమను తాము కాచుకోలేని పెద్దవాళ్ళను రక్షించడానికి ఒక కమిటీ వెయ్యాలి. నేను శ్రీకాకుళంలో పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ మైకు పట్టుకుని యాంకరింగ్ చేస్తాను. ఆడపెళ్ళివారికీ మగపెళ్ళివారికీ చెడినప్పుడు మధ్యలో నాలుగు జోకులేసి అందర్నీ భోజనాల దాకా లాక్కురావడం నా వృత్తి. ఆ సంగతి ఎవరో ఆయనకు చెప్పారు. మీరు నవ్విస్తారట సిస్టర్, పిల్లలు మీ దగ్గర భయం లేకుండా మాట్లాడతారు అన్నారు. వస్తానన్నాను. ఇదే సంఘం చిన్నప్పుడు నన్ను బల్లకు దూరంగా పెట్టిందనీ, దానికి కారణం ఆ ఫ్లెక్సీలో నవ్వుతున్న ఆయనేననీ పాపం ఆయనకు తెలియదు. మా సంఘంలో ఎవరింట్లో ఏ కూర వండారో ఆరాధన ముగిసేలోపు అందరికీ తెలిసిపోతుంది. ఇది మాత్రం ఎవరూ ఆయన చెవిన వెయ్యలేదు.

బల్ల అంటే ప్రభువు బల్ల. నెలలో మొదటి ఆదివారం ఆరాధన చివర రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. బాప్తిస్మం పొందినవాళ్ళకే అది. మా సంఘంలో ఆ రొట్టే రసమూ మా ఇంట్లో తయారయ్యేవి, మా నాన్నమ్మ మార్తమ్మ చేతుల మీదుగా. మేం మామ్మ అనేవాళ్ళం. కళింగపట్నం వెళ్ళే దారిలో ఊరి చివర మా ఇల్లు. పడమటి గాలి తిరిగితే తడి వరిచేల వాసన, తూర్పు గాలి తిరిగితే ఎండుచేపల వాసన. బల్లకు ముందటి శనివారం మాత్రం ఏ గాలి తిరిగినా ద్రాక్ష వాసనే. శుక్రవారం సాయంత్రం మామ్మ ఎండుద్రాక్ష నానబెట్టేది. మర్నాడు వాటిని చేత్తో పిసికి, సన్నసెగ మీద మరిగించి, ఉతికి ఆరేసిన తెల్ల పంచె ముక్కలో వడగట్టేది. ఆ గిన్నె ఇంకో పనికి వాడకూడదు. ఒకసారి అమ్మ తెలియక అందులో చారు కాచింది, చాలాకాలం మామ్మ ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు. పులియని గోధుమపిండితో పలచగా రొట్టెలు ఒత్తేది. అవి పెనం మీద తిప్పే పని నాది. తిప్పుతూ మాట్లాడకూడదు, రుచి చూడకూడదు, వేలు నాకకూడదు. మామ్మ బుగ్గన లవంగం పెట్టుకుని కీర్తన తీసేది. దేవుడు ఓర్పు గలవాడని నేను నమ్మడానికి మొదటి ఆధారం మామ్మ పాటే. పక్కింటి సూరమ్మత్త వాళ్ళు హిందువులు, వరి రైతులు. ఆమె గోడ మీంచి తొంగి చూసి, ఇవాళ మీ దేముడికి పానకమేటే అని అడిగేది. పానకమే, నీకు పెట్టకూడదు అనేది మామ్మ. పళ్ళు రాలిన నోళ్ళతో ఇద్దరూ చాలాసేపు నవ్వుకునేవాళ్ళు.

తొమ్మిదో తరగతిలోకి వెళ్ళే వేసవిలో నాకు వంశధార కాలువలో బాప్తిస్మం ఇచ్చారు. నీళ్ళు తక్కువగా ఉన్నాయి. ముంచితే మోకాలు పైకి తేలింది. నాలోని పాపపు పాత మనిషి పూర్తిగా పోవాలని పాస్టరు గారు మళ్ళీ ముంచారు. ఆ మోకాలి సంగతి నాకు ఇప్పటికీ అనుమానమే. ఏమైతేనేం, నేనూ బల్లకు కూర్చునేదాన్నయ్యాను, క్వయర్లోనూ చేరాను.

క్వయరు జీవరత్నం మాస్టారిది. సండే స్కూలూ ఆయనదే. హార్మోనియం వాయిస్తూ కళ్ళు మూసుకునేవారు, పెద్దవాళ్ళు దాన్ని భక్తి అనేవారు. సాయంత్రాలు ప్రాక్టీసయ్యాక ఆటోలు దొరకవని, ఆడపిల్లల్ని ఒక్కొక్కరినే తన బండి మీద ఇళ్ళ దగ్గర దింపేవారు. ఆయన బండి గుమ్మం ముందు ఆగితే ఆ ఇంట్లోవాళ్ళు బయటికొచ్చి వందనాలు చెప్పి, మునక్కాయలో, కాసిని కానాగంత చేపలో చేతిలో పెట్టి పంపేవారు. మా ఇల్లు ఊరి చివర కాబట్టి నన్ను అందరికంటే ఆఖర్న దింపేవారు. ఏం జరిగేదో ఇక్కడ రాయను. పెద్దమనిషి చిన్నపిల్లతో చెయ్యకూడనిది, ఒకసారి కాదు. అంతవరకు చాలు. ఇంకా వివరాలు కావాలన్నవాళ్ళను ఆ వయసులోనే చాలామందిని చూశాను. వాళ్ళలో ఒక్కరూ ఆ వివరాలతో ఏమీ చెయ్యలేదు.

ఒక సాయంత్రం పెరట్లో అమ్మ చేపలు తోముతుంటే వెళ్ళి, ఆ బండి నానింక ఎక్కనని చెప్పాను. ఎందుకని అడిగింది. చెప్పాను. అమ్మ చేతులు కడుక్కుని, నన్ను లోపలికి తీసుకెళ్ళి, తలుపు వేసి, పక్కన కూర్చుంది. ఎదురు ప్రశ్న వెయ్యలేదు. నమ్మింది. ఈ వ్యవహారం మొత్తంలో అంత తేలిగ్గా జరిగిన పని మరొకటి లేదు. ఆ తర్వాత ఆమె నాన్నకు చెప్పింది. నాన్న సంఘపెద్ద. ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎవులికైనా సెప్పీసినారేటి?"

సంఘపెద్దలు పాస్టరు గారి గదిలో కూర్చున్నారు. అందరూ మగవాళ్ళే. అప్పటి పాస్టరు గారు వయసు మళ్ళినవారు, మంచి గొంతు, గ్రాంథికం తప్ప మాట్లాడరు. ఏ రోజు అన్నారు, ఏ గౌను వేసుకున్నావన్నారు, అప్పుడే ఎందుకు అరవలేదన్నారు. ఒకాయన దయతలచి, గోతిలో బండి ఎగిరినప్పుడు నువ్వు జారిపోకుండా పట్టుకుని ఉంటాడులేమ్మా అన్నాడు. బండి ఆగి ఉందని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, అయితే స్టాండు వేసి ఉందా అని అడిగాడు. ఇంత పెద్ద సంఘాన్ని నడిపే బుర్ర అది. మాస్టారిని మాత్రం ఏ ప్రశ్నా అడగలేదు. ఆయన కోసం ప్రార్థన పెట్టారు.

మా సంఘంలో ఒక మంచి ఆచారం ఉంది. వెటకారం కాదు, నిజంగానే మంచిది. బల్లకు ముందు, ఎవరికైనా ఎవరితోనైనా పలుకు లేకపోతే, అందరి ముందూ లేచి వెళ్ళి చెయ్యి కలిపి సమాధానపడాలి. అలా పడకుండా రొట్టె ముట్టకూడదు. కొబ్బరిమట్ట పక్కింటి పెరట్లో పడిందనీ, స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు ఎవరనీ, పెళ్ళిలో మాంసం ముక్కలు తక్కువ వడ్డించారనీ ముఖాలు తిప్పుకున్నవాళ్ళంతా నెలకోసారి చేతులు కలిపేవారు. సగం తగువులు అక్కడే తీరిపోయేవి. ఆ ఆచారాన్ని తెచ్చి నాకూ మాస్టారికీ పెట్టారు. సంఘమధ్యంలో ఒక చిన్న మనస్పర్థ కలదు అని ప్రకటించారు పాస్టరు గారు. మనస్పర్థ! మేమిద్దరం కొబ్బరిమట్ట కోసం తగువుపడ్డట్టు.

మాస్టారు ముందుకొచ్చి ఏడ్చారు. దేనికి ఏడుస్తున్నారో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఊరికే, జేబురుమాలు మడత విప్పుకుని, అందంగా ఏడ్చారు. ఆడవాళ్ళ వైపు ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ఎన్నో పెళ్ళిళ్ళకు మైకు పట్టాను గాని అప్పగింతల్లో కూడా హాలు అంత త్వరగా కరగడం చూడలేదు. తర్వాత ఆయన నా వైపు చెయ్యి చాచారు. నా రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాను. చర్చి మొత్తం చూస్తోంది. నాన్న మగవాళ్ళ వరసలోంచి లేచి నా పక్కకొచ్చి, పెదవులు కదపకుండా అన్నాడు:

"ఒక్కపాలి సెయ్యి కలిపెయ్యే. అయిపోద్ది. అందరూ సూత్తన్నారు."

కలపలేదు. దాన్ని ధైర్యం అనకండి. ఆ చెయ్యి సంగతి నాకు తెలుసు, అంతే.

క్షమించు మనసు కలుగువరకు ఈ బిడ్డ బల్లకు దూరముగా ఉండునని పాస్టరు గారు తీర్పు చెప్పారు. రొట్టె పళ్ళెం వరసల వెంట తిరిగింది. మాస్టారు ఒక ముక్క తీసుకుని కళ్ళు మూసుకుని నమిలారు. నా దగ్గరికొచ్చేసరికి పళ్ళెం పట్టుకున్నాయన దాన్ని పైకెత్తి, నా తల మీదుగా పక్కావిడకు అందించాడు. చేసినవాడికి రొట్టె ఉంది, చెప్పినదానికి లేదు. అంతమంది పెద్దలు, అంత వాక్యజ్ఞానం, ఇంత చిన్న లెక్క తప్పుగా వేశారు. తప్పుగా వేసి, పాట పాడుకుని ఇళ్ళకెళ్ళి భోజనం చేశారు.

మామ్మ ఏమనుకుందో మాకు తెలిసింది మళ్ళీ బల్ల దగ్గర పడినప్పుడు. శుక్రవారం ద్రాక్ష నానలేదు. శనివారం పొయ్యి మీద మామూలు పప్పు ఉడికింది. గుర్తు చేద్దామని అమ్మ నోరు తెరిచి, మామ్మ ముఖం చూసి మూసుకుంది. సాయంత్రం పాస్టరు గారే వచ్చారు. మామ్మ అరుగు మీద చేటలో కందులు చెరుగుతోంది. రేపటి బల్ల సిద్ధమా అని ఆయన అడిగారు. "సెయ్యనేదు బాబూ," అంది. ఒంట్లో బాగులేదా అని అడిగితే, నాకేటి, గుండ్రాయిలాగున్నాను అంది. పాస్టరు గారికి అప్పుడు అర్థమైంది. అరుగు చివర కూర్చుని క్షమాపణ గొప్పతనం మొదలుపెట్టారు. సమాధానపడని మనసు విశ్వాసికి ఎంత ప్రమాదకరమో చెప్పారు. మామ్మ చెరగడం ఆపలేదు.

"సమాధానమేటి బాబూ? ఈళ్ళిద్దరూ ఏటి, పొలం గట్టు కాడ కొట్టుకున్నారా? అది సిన్నగుంట. ఆడు దాని తాతంతోడు."

ఆయన కన్నీళ్ళతో పశ్చాత్తాపపడెను కదా అన్నారు పాస్టరు గారు.

"పడనీండి. పడి, పిల్లలకి దూరంగా ఉండమనండి. ఆడు పిల్లల కాడున్నన్నాళ్ళు నా సేత్తో బల్ల సెయ్యను."

దైవకార్యమునకు అడ్డుపడుట మంచిది కాదని ఆయన గొంతు తగ్గించి అన్నారు. దేవుడికి నాను సెప్పుకుంటాను, మీరెళ్ళిరండి అని మామ్మ చేట ఒక్క దులుపు దులిపింది. పొట్టు ఎగిరి ఆయన తెల్ల లాల్చీ మీద పడింది. కావాలని చేసిందో లేదో నేను అడగలేదు. తెలిస్తే ఆనందం తగ్గుతుందని.

ఆ ఆదివారం పెద్దలు కుర్రాణ్ణి కిరాణా కొట్టుకు పరుగెత్తించి, ఊదారంగు కూల్‌డ్రింకు సీసా, బ్రెడ్డు పొట్లం తెప్పించారు. పెద్దపెద్ద మాటలతో ఆశీర్వదించి చిన్నచిన్న కప్పుల్లో పోస్తే కప్పుకప్పుకీ బుడగలు లేచాయి. సంఘమంతా తలలు వంచి తాగింది. తాగాక మౌనధ్యానం. ఆ మౌనంలో, బండి స్టాండు గురించి అడిగిన పెద్దాయనకు ఆగని త్రేన్పు వచ్చింది. నేను పైకే నవ్వాను. బల్లకు దూరంగా పెట్టిన మనిషికి ఆ మాత్రం హక్కుంటుంది.

ఆ తర్వాత కొందరు ఆడవాళ్ళు తమ పిల్లల్ని క్వయరుకు పంపడం మానేశారు. కారణం చెప్పలేదు. మా ఇంటికొచ్చి ఏమీ అడగలేదు. మామ్మ పక్కన కూర్చుని కాసేపు కందులు చెరిగి వెళ్ళిపోయేవారు. వాళ్ళ చేతుల వేగం చూస్తే, ఇందులో కొందరికి నేను చెప్పింది కొత్త సంగతి కాదని నాకు ఆ వయసుకే అర్థమైంది. అప్పుడు పెద్దలకు భయం వేసింది. పిల్లల గురించి కాదు, బల్ల ఆగిపోతుందని, క్వయరు ఖాళీ అవుతుందని. మాస్టారిని సండే స్కూలు నుంచి తప్పించారు. తప్పించి, శాలువా కప్పి, దండ వేసి, పాతపట్నం అవతల ఒడిశా సరిహద్దులో కొండ కింద ఉన్న ఒక చిన్న సంఘానికి సేవకు పంపారు. అక్కడ సండే స్కూలు లేదు, మొదలుపెట్టడానికి అనుభవం గల వ్యక్తి అవసరమని పాస్టరు గారు ప్రసంగవేదిక మీంచి చెప్పారు. సంఘమంతా ఆ మాట విన్నది. చప్పట్లు కొట్టింది.

మామ్మ మళ్ళీ ద్రాక్ష నానబెట్టింది. నన్ను బల్లకు కూర్చోమన్నారు. ఎవరూ క్షమాపణ అడగలేదు, నాకు క్షమించు మనసు ఎప్పుడు కలిగిందనీ అడగలేదు. మా ఇంట్లో చాలా ఏళ్ళు ఇది మామ్మ గెలిచిన కథ. చుట్టాలొస్తే కూల్‌డ్రింకు బుడగల దగ్గర అందరం పడీపడీ నవ్వేవాళ్ళం. మామ్మ అడిగింది మాత్రం పిల్లలకు దూరంగా ఉండమని. పెద్దలు చేసింది మా పిల్లలకు దూరంగా పంపడం. ఆ తేడా మాకెవరికీ తట్టలేదు. కొండ కింద ఉన్నవాళ్ళ పిల్లల్ని మేం చూసి ఉంటే కదా. మామ్మ తాను గెలిచాననే అనుకుంటూ పోయింది.

ఇంక ఇప్పటి సంగతి. కమిటీ సమావేశం చర్చి హాల్లోనే పెట్టారు. అప్పుడు చాపలు, ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు. అప్పుడు ఆడవాళ్ళు నోరు మూసుకుని ఒక పక్క కూర్చునేవారు, ఇప్పుడూ ఒక పక్కే కూర్చున్నారు గాని చేతుల్లో ఫోన్లున్నాయి. కొత్త పాస్టరు గారు నియమాలు చదివారు. ఏ పెద్దవాళ్ళూ పిల్లతో ఒంటరిగా ఉండకూడదు. ఎవరి పిల్లనూ ఎవరూ బండి మీద ఎక్కించుకోకూడదు. మాట రానివాళ్ళను, మతి స్థిమితం లేనివాళ్ళను, మంచం మీదున్న ముసలివాళ్ళను చూడ్డానికి ఇద్దరేసి వెళ్ళాలి. పిల్ల ఏదైనా చెబితే అదే రోజు పోలీసులకు చెప్పాలి, అది చట్టం. నిజంగా మంచి నియమాలు. చిన్నప్పుడు ఇందులో ఒక్కటి, ఆ బండి నియమం ఒక్కటి ఉన్నా నాకు ఇది రాసే పని ఉండేది కాదు. తర్వాత ఆయన కొత్తగా సంఘంలో చేరినవాళ్ళను పరిచయం చేశారు. వాళ్ళలో రూతు అనే ఆమె ఉంది. మా ఊరి కోడలు, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న, ఒళ్ళో పసిపిల్ల. పుట్టిల్లు పాతపట్నం అవతల కొండ కింద అని చెప్పింది.

బండి స్టాండు పెద్దాయన ఇంకా ఉన్నారు, ఇంకా పెద్దే. లేచి, నియమాలు బాగున్నాయి గాని పోలీసులంటే సంఘం పరువు పోద్ది, ముందు ఇద్దర్నీ కూర్చోబెట్టి సమాధానపరిస్తే బాగుంటాది అన్నారు. నేను మైకు తీసుకున్నాను.

"నన్ను కూర్చోబెట్టారు అంకుల్. నిలబెట్టారు కూడా. గుర్తుందా?"

ఆయన ఫ్యాను వైపు చూశారు. అప్పుడు నాన్న లేచాడు. మోకాళ్ళ నొప్పులు, లేవడానికి ముందు కుర్చీ పట్టుకున్నాడు.

"మా గుంట ఆ దినం అబద్ధమాడనేదు," అన్నాడు. "నాకా దినమే తెలుసు."

ఇన్నేళ్ళూ ఈ మాట కోసమే చూశానని అనుకునేదాన్ని. వినేసరికి కోపం తగ్గలేదు, రెట్టింపయింది. నమ్మక చెయ్యి కలపమన్నాడని ఇంతకాలం సరిపెట్టుకున్నాను. నమ్మే కలపమన్నాడు. వెనకెవరో అలవాటు కొద్దీ ఆమేన్ అన్నారు. పాస్టరు గారు కంగారుపడి, ప్రార్థించుకుందాం అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. మాస్టారు నా ముందు చెయ్యి చాచిన రోజు నుంచి చర్చిలో కళ్ళు మూసుకునే అలవాటు నాకు పోయింది. హాలంతా చూశాను. కళ్ళు తెరుచుకుని ఉన్నది ఇంకొక్కరే, రూతు. నన్ను కాదు, నాన్నను చూస్తోంది. ప్రార్థన సాగుతుండగానే మామూలు గొంతుతో అడిగింది:

"మావయ్యా, మీకు తెలుసుండి ఆ మాస్టార్ని మా ఊరు ఎందుకంపినారు?"

ప్రార్థన ఆగింది. కళ్ళన్నీ తెరుచుకున్నాయి. ప్రార్థన అవనీయమ్మా అని బండి స్టాండు పెద్దాయన గసిరాడు. ప్రార్థన తర్వాత చేసుకుందాం, ముందు ఆమె మాట్లాడుతుంది, చెప్పినంతే విందాం, ఎవరూ ఏమీ అడగొద్దు అన్నాను. కొత్త పాస్టరు గారు మంచివాడు, గ్రాంథికం రాదు. నోరు మూసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. నాన్న కుర్చీ వెనక్కి జరిపి గుమ్మం వైపు వెళ్ళబోయాడు. వెళ్ళి అడ్డం నిలబడ్డాను.

"కూకో నాన్నా. ఈపాలి ఇను."

ఆయన కూర్చున్నాడు. రూతు ఒళ్ళో పిల్లను పక్కావిడకు ఇచ్చి లేచింది.